తాళం తప్పే హక్కు

2024 డిసెంబరులో జాకిర్ హుసేన్ పోయిన వార్త వచ్చిన రోజు మా డెస్కులో అందరూ నా వైపే చూశారు. "మీవాడే కదా భాయ్, ఒక నాలుగొందల మాటల్లో రాసియ్యి" అన్నాడు ఇన్‌చార్జి. ఆయన మంచివాడు. 'మీవాడు' అన్న మాటలో ప్రేమే ఉంది తప్ప ఇంకేమీ లేదు. నాకు ఉర్దూ వచ్చు, ఒకప్పుడు తబలా వాయించాను, పేరు ఖాజా. ఈ మూడింట్లో ఏ కారణంతో నన్నడిగాడో బహుశా ఆయనకీ తెలియదు. రాసిచ్చాను. అందులో రాయకుండా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

జాకిర్ హుసేన్ ఒక ముచ్చట తరచూ చెప్పేవాడు. తను పుట్టినప్పుడు తండ్రి అల్లారఖా ఎత్తుకుని చెవిలో దువా చదవాల్సింది పోయి తబలా బోల్స్ చదివాడట. తల్లి కోప్పడితే, ఇవే నా ప్రార్థనలు అన్నాడట. మామూలుగా మా ఇళ్ళల్లో బిడ్డ పుట్టగానే కుడిచెవిలో అజాన్ చెప్తారు. నాకూ అజానే చెప్పారు. తబలా తర్వాతెప్పుడో వచ్చింది. అదీ దొడ్డిదారిన.

నా చేతికి మొదట తాళం నేర్పింది మా నానీ. పెళ్ళిళ్ళలో మాంఝా నాడు ఆడవాళ్ళంతా చుట్టూ కూచుంటే నడుమ ఢోలక్ పెట్టుకుని పాడేది. ఢోలక్ కే గీత్ అంటారు వాటిని. దక్కనీ ఉర్దూలో వియ్యపురాలిని, అత్తని, ఆడబిడ్డని ఉతికి ఆరేసే పాటలు. మొగవాళ్ళు వినకూడని ఎకసెక్కాలు కూడా ఉంటాయి. నేను పిల్లవాణ్ణి గనుక నాకు లోపలికి ప్రవేశం ఉండేది. నానీ మోకాలి పక్కన కూచుని స్టీలు చెంచాతో ఢోలక్ చెక్క మీద టిక్ టిక్ అని కొట్టేవాణ్ణి. ఇక పీర్ల పండగొస్తే సరే సరి. అలావా చుట్టూ డప్పుల దరువుకి ఊరు ఊరంతా ఎగిరేది. డప్పు కొట్టేది మాదిగలు. పీర్లు ఎత్తేవాళ్ళలో గొల్లలు, గౌండ్లవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆ దరువు ఎవరిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తొంభైల నడుమ మా గల్లీకి పెద్దమనుషులు కొందరు వచ్చారు. బాజా హరామ్ అన్నారు. పీర్లు ఎత్తడం దీన్‌లో లేదన్నారు. నానీ ఎవరితోనూ వాదించలేదు. ఢోలక్‌ని పాత చాదర్‌లో చుట్టి అటక మీద పెట్టించింది. ఆ వచ్చినవాళ్ళని తిట్టిపోయడం తేలిక. సెక్యులర్ మిత్రులు చప్పట్లు కూడా కొడతారు. కానీ 1992 డిసెంబరు 6 తర్వాత బెదిరిపోయిన జనం ఏదో ఒకదాన్ని గట్టిగా పట్టుకోవాలనుకున్నారు. అలా పట్టుకోవడం కోసం చేతుల్లోవి కొన్ని కింద పెట్టేశారు. అందులో ముందుగా పోయింది ఆడవాళ్ళ పాట. ఎప్పుడూ అంతే కదా!

అటకెక్కిన తాళం నాకు కాలేజీలో మళ్ళీ దొరికింది. మాది నల్గొండ జిల్లాలో రైసుమిల్లుల ఊరు. అక్కడొక ఆర్కెస్ట్రా ఉండేది. ఆర్కెస్ట్రా అంటే కోటు వేసుకున్న పెద్దమనిషి కర్ర ఊపే వ్యవహారం అనుకునేరు. మనకు తెలిసిన ఆర్కెస్ట్రా వేరు. లారీ ట్రక్కు మీదో, బల్లలు కలిపి కట్టిన స్టేజీ మీదో, రెండు కాలమ్ బాక్సులు, ఒక ఎకో మిషను, రంగురంగుల బల్బులతో వినాయక చవితికీ, పెళ్ళిళ్ళకీ సినిమా పాటలు పాడే బృందం. కీబోర్డు వాయించే అన్న కరెంటాఫీసులో గుమాస్తా. గిటారు ఫోటో స్టూడియో అతనిది. పాడేది ప్రైవేటు స్కూల్లో టీచరు, మేమంతా అక్కా అనేవాళ్ళం. ఆక్టోపాడ్ వాయించే పిల్లాడు పాలిటెక్నిక్. నేను బీయే రెండో ఏడు. తబలా, డోలక్ నావి. ప్రోగ్రాంకి అరవయ్యో డెబ్బయ్యో ఇచ్చేవాళ్ళు. అది జీతం కింద లెక్క కాదు, ఆటో ఖర్చు. అందరం సరదాకి వాయించేవాళ్ళమే.

సరదా అన్నాను గానీ, తాళవాద్యం వాయించేవాడికి స్టేజీ మీద ఉండే భయం పగవాడికి కూడా వద్దు. పాడేవాళ్ళు ఒక మాట మరిచిపోతే రాగం తీసి కప్పేస్తారు. కీబోర్డు మీద ఒక మెట్టు తప్పితే అదేదో గమకం అనుకుంటారు. తాళం తప్పితే మాత్రం సంగీతం ఓనమాలు తెలియనివాడికి కూడా తెలిసిపోతుంది. ఎందుకంటే తాళాన్ని జనం చెవితో వినరు, కాలితో వింటారు. కాలు ఆగిపోయిందంటే తల పైకి లేస్తుంది. చూపు తిన్నగా తబలావాడి మీదికి వస్తుంది.

వాయించేటప్పటి కంటే వాయించకుండా కూచున్నప్పుడు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. పల్లవి ముందు మ్యూజిక్ బిట్ నడుస్తుంటుంది. మనం లోపల లెక్కపెట్టుకుంటూ ఉండాలి. ఎనిమిది మాత్రల కహర్వా నాలుగు చుట్లు తిరిగాక ఎత్తుకోవాలి. మూడయ్యాయా, నాలుగయ్యాయా? పక్కవాడు దగ్గితే లెక్క పోతుంది. అరచేతులు చెమట పడతాయి. చెమట పట్టిన మణికట్టు డగ్గా మీద జారదు, గుమ్‌కీ పలకదు. అందుకే తబలా పక్కన ఎప్పుడూ ఒక పౌడరు డబ్బా. ప్రోగ్రాం మొదలయ్యేలోగా నేను కనీసం నాలుగుసార్లు గోడ చాటుకు వెళ్ళొచ్చేవాణ్ణి. కీబోర్డు అన్న నవ్వేవాడు. "ఏం ఖాజా, నీకు తాళం కంటె ముందు ట్యాంకు నిండుతదా?"

ఈ భయం అందరికీ ఉండేదే. పాలిటెక్నిక్ పిల్లాడికీ ఉండేది. నేను చెప్పదలుచుకున్నది దాని మీద ఎక్కి కూచునే ఇంకో భయం గురించి.

మతసామరస్యం సభల్లో కొన్ని పేర్లు తప్పకుండా వినిపిస్తాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికి 1998లో సంగీత కళానిధి తెచ్చిన షేక్ చిన మౌలానా. హైదరాబాద్ రేడియోలో తబలా వాయించిన ఉస్తాద్ షేక్ దావూద్. 1969లో 'భలే తమ్ముడు'లో ఎన్టీ రామారావుకి పాడిన మహమ్మద్ రఫీ. బిస్మిల్లా ఖాన్ సరేసరి. ఆ మహానుభావులందరికీ నా సలాం. వాళ్ళ పాదధూళికి కూడా నేను సరిపోను. నా అనుమానం అక్కడే మొదలవుతుంది. సరిపోనివాడి సంగతేమిటి? ఉస్తాద్ కాని తురకవాడు, ఓ మోస్తరుగా వాయించే తురకవాడు, అప్పుడప్పుడూ తప్పే తురకవాడు, వాడికి ఈ జపమాలలో పూస ఉందా? మిగతావాళ్ళకి సరదాగా, నాసిగా, మధ్యరకంగా బతికే వీలుంది. మాకు మాత్రం ఈ దేశంలో ఉండటానికి షహనాయి పరీక్ష పాసవ్వాలి. ఈ మాట నిష్ఠూరంగా ఉంటే ఉండనివ్వండి.

1999 వినాయక చవితి నవరాత్రుల్లో ఒక రాత్రి గురించి చెప్తాను.

ఆ ఎండాకాలమే కార్గిల్ యుద్ధం. జూన్‌లో ఇంగ్లండ్‌లో ప్రపంచ కప్పు. మాంచెస్టర్‌లో ఇండియా పాకిస్తాన్‌ని ఓడించిన రాత్రి మా గల్లీ చివర టపాకాయలు మా ఇంటి గడప మీద పడ్డాయి. మేము కూడా టీవీ ముందు కూచుని అదే గెలుపు చూశాం. ఆ సంగతి గడప బయట ఎవరికి చెప్తాం? రిహార్సల్స్‌లో గిటారు అతను "ఏం ఖాజా, ఫైనల్ పోయిందని అన్నం తిన్లేదంట?" అని పరాచికాలాడేవాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వడం కూడా తాళం లాంటిదే, ఆలస్యమైతే పట్టుబడిపోతాం. ఆ ఏడు పందిరి కమిటీవాళ్ళు ముందే చెప్పారు, దేశభక్తి పాటలు మూడు తప్పకుండా ఉండాలని.

సాయంత్రం నుంచి ముసురు. తడిగాలికి తబలా చర్మం సడలుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. స్టేజీకి ఒక పక్క హాలోజన్ దీపాలు. ఆ వేడికి అటువైపు చర్మం బిగుసుకుని శ్రుతి పైకి ఎక్కుతుంది. ఒకే మూతిలో ఒక అంచు ఒక స్వరం, ఇంకో అంచు ఇంకో స్వరం. సుత్తితో గజ్రా మీద చుట్టూ తట్టుకుంటూ రావాలి, గట్టాలు జరపాలి. మొదటి పాట అన్నది ఒకటిన్నర శ్రుతి. ఎనిమిది కావస్తోంది. అన్న 'సా' పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. నేను సుత్తి ఎత్తాను. అప్పుడే మసీదులో ఇషా అజాన్ మొదలైంది.

మా ఊళ్ళో అజాన్ అవుతుంటే మైకు తగ్గించడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. అన్న చెయ్యి తనంతట తానే వాల్యూం తగ్గించింది. కమిటీలో ఆ ఏడే చేరిన కుర్రాళ్ళు నలుగురు స్టేజీ ముందుకొచ్చి, "ఎందుకాపుతున్నరు? మన పందిట్ల మనం ఆపుడేంది?" అన్నారు. పెద్దాయన ఒకరు "అరే, రెండు నిమిషాలు బిడ్డా" అంటున్నాడు. ఇంతలో అందరూ నా సుత్తి వైపు చూస్తున్నారని నాకర్థమైంది. తడితే ఆ శబ్దం మసీదు మెట్ల దాకా వినిపిస్తుంది, అక్కడ మా మామూ ఉంటాడు. తట్టకపోతే, ఇక్కడ ఈ నలుగురు. ఇంతాచేసి అదొక చిన్న ఇత్తడి సుత్తి. అరచెయ్యంత కూడా ఉండదు. దాన్ని గాల్లో పట్టుకుని నేను ఎంతసేపున్నానో నాకు తెలియదు. చివరికి కింద పెట్టి పౌడరు రాసుకోవడం మొదలుపెట్టాను, చాలా శ్రద్ధగా, ఒక్కొక్క వేలికీ.

అజాన్ అయిపోయింది. అన్న ఇంక ఆగలేదు, పాట ఎత్తుకున్నాడు. మొదటి పాట గణపతి మీద. తబలా అర శ్రుతి కిందుండిపోయింది. పాట పొడుగునా నా చెవి పక్కనే ఎవరో మూలుగుతున్నట్టు వినిపిస్తూనే ఉంది. జనానికి తెలిసిందో లేదో గానీ అన్న రెండుసార్లు గుడ్లురిమాడు. సుత్తి కింద పెట్టినందుకు నేను ఆరోజూ నొచ్చుకోలేదు, ఇప్పుడూ లేదు.

తర్వాత వ్యాఖ్యాత కళాకారుల్ని పరిచయం చేశాడు. అన్న రాసిచ్చిన చీటీ చూసి చదువుతున్నాడు. కీబోర్డు ఫలానా, గిటారు ఫలానా. "తబలా, డోలక్... మన రాజా!" జనం ఈలలేశారు. ఖాజా. రాజా. చేతిరాతలో ఒక్క అక్షరం తేడా. అన్న దస్తూరీ కోడి గీకినట్టుండేది నిజమే. ఆయన చదవలేకపోయాడా, చదివి మార్చాడా, నా మంచి కోసమే మార్చాడా? ఇప్పటికీ నాకు తెలియదు. అన్నని అడిగితే "పోనియ్యిరా, మంచిగనే ఉంది గద" అన్నాడు. మంచిగానే ఉంది. ఆ పేరు వినగానే నా భుజాలు కాస్త తేలికపడ్డాయి కూడా. ఇక ఎన్ని తప్పులైనా రాజా ఖాతాలోకి పోతాయి!

ఆ వెసులుబాటు ముప్పావుగంట కూడా నిలవలేదు. ఆ రోజుల్లో ఏ ఆర్కెస్ట్రాలోనైనా ఒక ఖవాలీ ఉండి తీరాలి. 'అమర్ అక్బర్ ఆంథోనీ' వచ్చి ఇరవై రెండేళ్ళయినా దానికి గిరాకీ తగ్గలేదు. ఖవాలీ మొదలవుతుండగా పక్క నుంచి ఎవరో వచ్చి నా తలకి ఆకుపచ్చ రుమాలు కట్టారు. ఇంకెవరో "ఇగ నీదే దుమ్ము లేపు ఖాజాభాయ్!" అని అరిచారు. గణపతి పాటకి రాజా, ఖవాలీకి రుమాలు. స్టేజీ ఒకటే, మనిషి ఒకడే, చేతులు అవే. చెమటకి రుమాలు జారి కన్ను మీద పడింది. రెండు చేతులూ ఖాళీ లేవు. ఖవాలీలో చేతులు ఖాళీ ఎక్కడుంటాయి? ఒంటికన్నుతో పాట మొత్తం వాయించాను. ముందు వరసలో పిల్లలు నన్ను చూసి ఒకటే నవ్వు. ఆ నవ్వు మాత్రం నాకు బాగానే నచ్చింది. పిల్లలు రుమాలుని చూసి నవ్వారు, అంతే.

పదకొండు దాటాక దేశభక్తి పాటలు. రెండో దాంట్లో, మొదటి చరణం మధ్యలో, కరెంటు పోయింది.

ఆర్కెస్ట్రాలో కరెంటు పోతే ఏమవుతుందో తెలుసా? కీబోర్డు చచ్చిపోతుంది. గిటారు గీకుడు దోమ రొదలా మిగులుతుంది. ఆక్టోపాడ్ ఉత్త రబ్బరు ముక్క. మైకు లేక అక్క గొంతు ముందు వరస దాటదు. ఆ చీకట్లో బతికున్న వాద్యం ఒక్కటే, నా ముందున్న తోలు. ఆపేద్దామనుకున్నాను. అందరూ ఆపారు కదా. కానీ చేతుల్లోకి అంతకంటే ముందే ఒక ఆలోచన వచ్చేసింది. ఇది దేశభక్తి పాట. ఆపింది ఖాజా అంటారు. కరెంటు పోయిన సంగతి తెల్లారేసరికి ఎవరికి గుర్తుంటుంది?

వాయిస్తూ పోయాను. చీకట్లో జనం చప్పట్లు అందుకున్నారు. జనం చప్పట్లతో ఒక చిక్కుంది. అవి ఎప్పుడూ పరిగెడతాయి. వాళ్ళతో పరిగెత్తితే పాట చెడుతుంది, పట్టి ఉంచితే చప్పట్లకీ నాకూ తేడా వచ్చి తాళం తప్పింది నేనే అనిపిస్తుంది. పళ్ళు బిగించి పట్టి ఉంచాను. జెనరేటరువాడు తాడు లాగుతూనే ఉన్నాడు. నాలుగు నిమిషాలో అయిదు నిమిషాలో. చూపుడువేలి చివర చిట్లింది. తడి తగిలితే చెమట అనుకున్నాను.

జెనరేటరు అందుకుంది. దీపాలొచ్చాయి. అన్న గబగబా కీబోర్డు ఎత్తుకున్నాడు. అక్క గొంతు అయిదున్నర శ్రుతి. అన్న దానికోసం ట్రాన్స్‌పోజ్ మీట పెట్టుకుని వాయించేవాడు. కరెంటు పోయి వస్తే ఆ మీట మొదటికొచ్చేస్తుంది, హడావుడిలో ఆయన చూసుకోలేదు. అక్క ఒక శ్రుతిలో, కీబోర్డు ఇంకో శ్రుతిలో దేశాన్ని పొగిడారు. రెండు లైన్లు వినేసరికి జనం ఘొల్లుమన్నారు. అన్న కూడా నవ్వేశాడు. కరెంటాఫీసు గుమాస్తాని కరెంటే ముంచిందని వ్యాఖ్యాత మైకులో జోకేశాడు. మళ్ళీ మొదట్నుంచి పాడారు.

ఆ నవ్వులో నేనూ కలిశాను గానీ, నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. దేశభక్తి పాటని శ్రుతి తప్పించిన అన్నని ఎవరూ ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. కరెంటు పోయింది, మనిషి తడబడ్డాడు, అయిపోయింది. నేను ఆయన వైపు చూస్తూ కూచున్నాను. అసూయ అంటే ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసింది. ఆయన వాయిద్యాన్ని చూసి కాదు, ఆ నవ్వుని చూసి.

ఒంటిగంటకి ప్రసాదం పొట్లం, అరవై రూపాయలు తీసుకుని నడిచి బయల్దేరాను. భుజాన తబలా సంచి, చేతిలో డగ్గా మూట. చౌరస్తాలో బందోబస్తు కానిస్టేబుల్ ఆపాడు. నవరాత్రులు, అర్ధరాత్రి, గుండ్రటి మూట. ఆయన పని ఆయన చేస్తున్నాడు.

"పేరేంది?"

స్టేజీ మీద నాకు అంత ఖాళీ ఎప్పుడూ రాలేదు. నాలుక మీద రాజా ఉన్నాడు. చెప్పేస్తే అయిపోయేది.

"ఖాజా, సార్."

"రాజానా?"

"కాదు సార్. ఖాజా."

మూట విప్పమన్నాడు. డగ్గా మీద తనే వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. వానకి అది బద్దుగా పలికింది. "ఇదేందిరా, కుండ లెక్క మోగుతది?" అన్నాడు. "తడిసింది సార్" అన్నాను. పొమ్మన్నాడు.

ఇంట్లో అబ్బా మేలుకునే ఉన్నాడు. నేను స్టేజీ ఎక్కడం ఆయనకి ఇష్టం లేదు, వద్దని కూడా ఎన్నడూ అనలేదు. ఆ రాత్రి పందిరి దగ్గర చాయ్ బండి పక్కన చీకట్లో నిలబడి చివరిదాకా విన్నాడని తర్వాత అమ్మీ చెప్పింది. తలుపు తీసి నన్నూ సంచినీ ఎగాదిగా చూశాడు.

"ఆవో రాజా సాబ్, ఖానా ఖా లో" అన్నాడు.

వెక్కిరించాడో, బాధపడ్డాడో, ఊరికే అన్నాడో ఆయన మొహం చూస్తే తెలియలేదు. లాంతరు ఆయన వెనకాలుంది. అన్నం చల్లారిపోయింది, పప్పులో కలిపాను. మామిడికాయ అచార్ చిట్లిన వేలికి తగిలి భగ్గుమంది.

"క్యా హువా?" అన్నాడు అబ్బా.

"కుఛ్ నై" అన్నాను. ఆయన లేచి వెళ్ళి అచార్ గిన్నె పక్కకి జరిపి, పెరుగు తెచ్చి పెట్టాడు.